ప్లాకా, ఆనో పోలి, రోడ్స్ కోట: గ్రీస్ పాత పేటల్లో మీకు ఏది సరిపోతుంది?

గ్రీస్ వెళ్తున్నాం, చేతిలో వారం రోజులున్నాయి, ఒక పాత ఊరు తీరిగ్గా తిరగాలనుంది, ఎక్కడికి వెళ్లమంటారు? మా చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఏటా ఈ మాట అడుగుతారు. నేను వెంటనే ఊరి పేరు చెప్పను. మీతో ఎవరు వస్తున్నారు, వాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఏ నెలలో వెళ్తున్నారు అని ముందు అడుగుతాను. గ్రీస్‌లో పాత పేట అంటే చాలాచోట్ల కొండ. కొండ అంటే మెట్లు. ఆ మెట్లు కూడా వందల ఏళ్ల నడకకు అద్దంలా నునుపెక్కిన రాళ్లు.

నేను బాగా తిరిగినవి మూడు. ఏథెన్స్‌లో ప్రాచీన గుడులున్న ఆక్రోపోలిస్ గుట్ట కింద ప్లాకా, థెస్సలొనీకీలో కొండ మీద ఆనో పోలి, రోడ్స్ దీవిలో కోటగోడల మధ్య పాత నగరం. మూడింట్లోనూ ఇరుకు సందులే, రాళ్లు పరిచిన దారులే, గుమ్మాల ముందు పూలకుండీలే. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి చూసినవాళ్లకు ఇంకోటి అక్కర్లేదనిపిస్తుంది. కానీ ఆ పేటలు ఇవాళ అలా ఉండటానికి కారణాలు పూర్తిగా వేరు. ఆ ఇళ్లు ఎవరు కట్టారు, ఎవరు వదిలి వెళ్లారు, తర్వాత ఎవరొచ్చి ఆ తలుపులు తీశారు అన్నది తెలుసుకుని వెళ్తే మీకు ఏది కావాలో మీకే తెలుస్తుంది. అందుకే చూడాల్సిన చోట్లతో పాటు ఆ కథలు కూడా చెబుతున్నాను.

ఒక్క రోజే ఉంటే ప్లాకా

ఏథెన్స్‌లో ఒక్క రోజే ఆగేటట్టయితే ఇంకో ఆలోచన పెట్టుకోకండి, ప్లాకాకే వెళ్లండి. ఆక్రోపోలిస్‌కు ఉత్తరాన, తూర్పున ఉన్న వాలులో ఈ పేట ఉంది. ఒక పక్క ఆక్రోపోలి మెట్రో స్టేషన్, ఇంకో పక్క మొనాస్టిరాకి, మరో పక్క సింటగ్మా. ఎటు దిగినా పది నిమిషాల నడక. చాలా వీధుల్లోకి కార్లు రావు కాబట్టి చిన్నపిల్లలతో తిరగడానికి టెన్షన్ తక్కువ.

ముందే ఒక మాట చెప్పాలి. అడ్రియానూ వీధి, కిడాథినియోన్ వీధి చూసి ప్లాకా అంటే ఇంతేనా అనుకుని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. అక్కడ ఉన్నవి మ్యాగ్నెట్లు, టీషర్టులు అమ్మే దుకాణాలు, మెనూ కార్డు చేత్తో పట్టుకుని పిలిచే హోటళ్లు. ఆ రెండు వీధులూ దాటి పైకి ఎక్కాలి. నేను ఎవరికైనా చెప్పే దారి ఇదీ: ఉదయం ఎనిమిదిన్నర లోపు ఆక్రోపోలి స్టేషన్ దగ్గర దిగి, ముందు లిసిక్రటీస్ కట్టడం దగ్గరకు నడవండి. క్రీస్తుపూర్వం 335-334లో నాటక ఉత్సవంలో బాలుర బృందగానానికి బహుమతి గెలిచిన సందర్భంగా, ఆ బృందానికి ఖర్చు పెట్టిన లిసిక్రటీస్ అనే ధనవంతుడు కట్టించుకున్న గుర్తు అది. తలభాగంలో ఆకుల చెక్కడం ఉండే కొరింథియన్ తరహా స్తంభాలను భవనం బయటివైపు వాడిన వాటిల్లో మనకు తెలిసిన మొదటిది ఇదే. 1669లో కపుచిన్ అనే క్యాథలిక్ శాఖ సన్యాసులు దాన్ని కొని తమ మఠంలో కలుపుకున్నారు. కవి బైరన్ ఏథెన్స్ వచ్చినప్పుడు ఆ మఠంలోనే కొన్నాళ్లు ఉన్నాడు. గ్రీస్‌లో మొదటి టమాటా మొక్కలు 1818లో ఆ మఠం తోటలోనే నాటారని చెప్పుకుంటారు. ఇవాళ టమాటా లేని గ్రీకు భోజనం ఊహించలేం కదా!

అక్కడి నుంచి మెట్లెక్కి స్ట్రాటోనోస్ వీధి పట్టుకుంటే, ఆక్రోపోలిస్ రాతిని ఆనుకునే అనాఫియోటికా మొదలవుతుంది. ప్లాకాలో నా మనసు నిలిచిపోయే చోటు ఇదే. 1834లో ఏథెన్స్, తుర్కుల పాలన నుంచి విడిపోయిన కొత్త గ్రీస్ దేశానికి రాజధాని అయింది. రాజభవనం, కార్యాలయాలు, ఇళ్లు అన్నీ కొత్తగా కట్టాలి. అందుకు దీవుల నుంచి తాపీ మేస్త్రీలు, వడ్రంగులు వచ్చారు. వాళ్లలో అనాఫి అనే చిన్న దీవి వాళ్లు ఈ రాతివాలులో తమ ఊళ్లో ఉన్నట్టే తెల్లసున్నం కొట్టిన చిన్న ఇళ్లు కట్టుకున్నారు. రాత్రికి రాత్రి నాలుగు గోడలు లేపి పైకప్పు వేస్తే ఆ ఇల్లు వాళ్లదే అయిపోయేదని కథలుగా చెబుతారు. పగలంతా రాజుగారి పని, రాత్రి తమ ఇంటి పని. కొత్త రాజధానిని కట్టినవాళ్లకు దొరికింది ఆ కాస్త వాలే.

ఆ ఇళ్లలో కొన్నింటిని 1950లో పురావస్తు పనుల కోసం కూల్చారు. ఇప్పుడు మిగిలినవి నలభై పైచిలుకు. సందులు ఎంత సన్నమంటే ఎదురుగా మనిషి వస్తే గోడకు ఒదిగి నిలబడాలి. అవి ఇప్పటికీ మనుషులుంటున్న ఇళ్లు. వాళ్ల గుమ్మం మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగడం, గట్టిగా మాట్లాడటం చేయకండి.

ప్లాకా కథలో ఇంకో ముక్క కూడా తెలియాలి. పక్కనే పచ్చగా, ఖాళీగా కనిపించే ప్రాచీన అగోరా, అంటే పాతకాలపు సంత మైదానం ఉంది కదా, అక్కడ ఒకప్పుడు వ్రిసాకి అనే పేట ఉండేది. 1931లో అమెరికన్ పురావస్తు సంస్థ తవ్వకాలు మొదలుపెట్టాక ఆ పేట మొత్తం పోయింది. దాదాపు 400 ఇళ్లు కూల్చారు. రెండున్నర వేల ఏళ్ల నాటి రాళ్ల కోసం రెండు మూడు వందల ఏళ్ల నాటి వాడను తీసేశారన్నమాట. ప్లాకా ఆ గడ్డపారల అంచున మిగిలిన ఊరు. అగోరాలో తిరుగుతున్నప్పుడు ఆ ఇళ్లలోని వాళ్లు ఎక్కడికి వెళ్లి ఉంటారా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

దిగేటప్పుడు రోమన్ అగోరాలో ఎనిమిది ముఖాల గాలుల గోపురం తప్పకుండా చూడండి. దాదాపు 12 మీటర్ల ఎత్తున్న పాలరాతి కట్టడం. ఒక్కో ముఖం మీద ఒక్కో గాలి దేవుడు: ఉత్తరపు గాలి బోరియాస్ మందపాటి అంగీ కప్పుకుని శంఖం ఊదుతుంటాడు, పడమటి గాలి జెఫిరోస్ ఒడిలోంచి పూలు చల్లుతుంటాడు. గోడల మీద ఎండ గడియారాలు, లోపల నీటి గడియారం ఉండేవి. తుర్కుల కాలంలో సూఫీ దర్వేషులు అందులో గిరగిరా తిరుగుతూ ప్రార్థన చేసేవారు. ఒకే గది ఇన్ని కాలాలకు పనికొచ్చింది.

ఇన్ని చెప్పాక కూడా ప్లాకాలో ఒక లోటుంది. పది దాటాక జనం వరదలా వస్తారు. ఇక్కడ కాపురం ఉండేవాళ్ల కన్నా చూడటానికి వచ్చేవాళ్లే ఎక్కువ. రోజువారీ బతుకు కనిపించాలంటే కష్టం. ఊరి వాళ్లు కూరగాయలు కొనుక్కునే కొట్టు ఎక్కడా కనపడకపోతే నాకు ఏదో వెలితిగా ఉంటుంది.

ఒక ఊరు ఊరుగా చూడాలంటే ఆనో పోలి

నా ఓటు దీనికే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఆనో పోలి అంటే పై ఊరు అనే అర్థం. థెస్సలొనీకీ సముద్రం ఒడ్డున మొదలై కొండెక్కుతుంది. ఆ కొండ మీద పాత కోటగోడల లోపల ఉన్న భాగం ఇది. కింది ఊరు చూస్తే వెడల్పాటి రోడ్లు, వరసగా అపార్ట్‌మెంట్లు. పైకి వస్తే చెక్క కిటికీలు, వీధి మీదికి పొడుచుకొచ్చిన పై అంతస్తు గదులు, అడ్డదిడ్డంగా తిరిగే సందులు. ఒకే ఊరు ఇలా రెండుగా ఎందుకుందంటే, కారణం ఒక అగ్నిప్రమాదం.

1917 ఆగస్టు 18న ఊరికి వాయవ్యం వైపు ఉన్న ఒక పేద ఇంట్లో, వంటింట్లో నిప్పు రాజుకుంది. వార్దారిస్ అని అక్కడివాళ్లు పిలిచే బలమైన ఉత్తరపు గాలి ఆ మంటను కిందికి, సముద్రం వైపు తోసింది. దాదాపు 32 గంటలు ఊరు కాలింది. తొమ్మిదిన్నర వేల ఇళ్లు బూడిదయ్యాయి, 70 వేల మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయారు. కింది ఊరిని ఫ్రెంచ్ వాస్తుశిల్పి ఎర్నెస్ట్ ఎబ్రార్ బృందం కొత్తగా గీసింది, అందుకే ఆ తిన్నని రోడ్లు. గాలి కిందికి వీచింది కాబట్టి పై ఊరు మిగిలింది. మీరు ఆ సందుల్లో నడవగలుగుతున్నారంటే ఆ రోజు గాలి వీచిన దిక్కే కారణం.

ఇళ్లు మిగిలాయి కానీ మనుషులు మారిపోయారు. 1430 నుంచి 1912 దాకా ఊరు ఆటోమన్ తుర్కుల పాలనలో ఉంది. అప్పట్లో యూదులు ఎక్కువగా సముద్రం దగ్గర ఉండేవారు, ముస్లింలు చల్లగాలి తగిలే ఈ కొండ మీద ఉండేవారు. 1923లో గ్రీస్, టర్కీ జనాన్ని మార్చుకున్నాయి. దాదాపు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీస్‌కు చేరారు, మూడున్నర నాలుగు లక్షల మంది ముస్లింలు టర్కీకి వెళ్లిపోయారు. ఎవరు ఎటు పోవాలన్నది మతాన్ని బట్టి తేల్చారు, మాట్లాడే భాషను బట్టి కాదు. గ్రీకు తప్ప వేరే భాష రాని ముస్లింలు టర్కీకి, తుర్కీ మాత్రమే వచ్చిన క్రైస్తవులు గ్రీస్‌కు పోవాల్సి వచ్చింది. దేశ విభజన కథలు ఇంట్లో విన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అలా ఖాళీ అయిన ఆనో పోలి ఇళ్లలోకి ఇప్పటి టర్కీలోని ఆసియా మైనర్ నుంచి వచ్చిన కాందిశీకులు చేరారు. ఇల్లు దొరకనివాళ్లు కోటగోడనే వెనక గోడగా చేసుకుని ఒక గది, రెండు గదులు వేసుకున్నారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. తుర్కుల కన్నా ముందు ఏలిన బైజాంటైన్ రాజుల గోడకు ఆనుకుని ఉతికిన బట్టలు ఆరేసి ఉంటాయి. నాకు ఏ రాజభవనం కన్నా ఆ దృశ్యమే ఎక్కువ చెప్పింది.

ఇక ఎలా తిరగాలో చెబుతాను. మేం మొదటిసారి వెళ్లినప్పుడు జులై మధ్యాహ్నం కింద నుంచి పైకి ఎక్కడం మొదలుపెట్టాం. సగం దూరంలోనే మా నాన్నగారు ఒక అరుగు మీద కూర్చుండిపోయారు. ఆ ఇంటావిడ ఏమీ అడగకుండానే చల్లటి నీళ్లు తెచ్చిచ్చింది. ఆ రోజు అక్కడితో వెనక్కి వచ్చేశాం. మర్నాడు ఉదయం బస్సులో పైకి వెళ్లి, అవే వీధుల్లో దిగుతూ వచ్చాం. నాన్నగారు ఎక్కడా కూర్చోలేదు. అప్పటి నుంచి అందరికీ ఇదే చెబుతున్నాను: ఆనో పోలి ఎక్కకండి, దిగండి. కింద ఎలెఫ్తేరియాస్ కూడలి నుంచి 23 నంబర్ బస్సు చాలా కాలంగా పైకి నడుస్తోంది, అయినా స్టాపులో ఒకసారి చూసుకోండి. ట్యాక్సీ అయినా ఖర్చు తక్కువే, దూరం పెద్దది కాదు. 2024 నవంబర్ 30న 13 స్టేషన్లతో మొదలైన మెట్రో బాగుంది కానీ కొండ మీదికి రాదు. మెట్రో ఎక్కకపోయినా వెనిజెలూ స్టేషన్‌లోకి మాత్రం ఒకసారి దిగండి. తవ్వుతుంటే బయటపడ్డ పాత బజారు కూడలిని స్టేషన్ లోపలే నిలిపి ఉంచారు.

పైన త్రిగోనియో బురుజు దగ్గర దిగితే ఊరంతా కాళ్ల కింద ఉంటుంది. గాలి తేటగా ఉన్న రోజు సముద్రానికి అవతల ఒలింపస్ పర్వతం కూడా కనిపిస్తుంది. కాస్త పైన ఎప్టాపీర్గియో కోట. పేరుకు ఏడు బురుజుల కోట, నిజానికి 1989 దాకా జైలు. ఆ జైలు మీద కట్టిన పాటలు గ్రీకులు ఇప్పటికీ పాడుకుంటారు. జైలు గదుల పక్కన నిలబడి అంత అందమైన సముద్రాన్ని చూడటం మనసుకు భారంగానే ఉంటుంది.

అక్కడి నుంచి దిగడానికి రెండు దారులున్నాయి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

పడమటి దారిలో ముందు వ్లటాడోన్ మఠం వస్తుంది. 14వ శతాబ్దపు మఠం, ఆవరణలో నెమళ్లు తిరుగుతుంటాయి. మన దగ్గర నుంచి వెళ్లిన పిల్లలకు అక్కడ నెమలి కనపడటం పెద్ద పండగ. దాని కిందే ఓసియోస్ దావిద్ అనే బుల్లి చర్చి. బయటి నుంచి చూస్తే మామూలు ఇల్లు అనుకుని దాటిపోతారు. లోపల దాదాపు పదిహేను వందల ఏళ్ల నాటి మొజాయిక్, అంటే రంగు ముక్కలు పొదిగిన బొమ్మ ఉంది: గడ్డం లేని యువకుడిగా క్రీస్తు ఇంద్రధనుస్సు మీద కూర్చుని ఉంటాడు, కింద నదులు, నదిలో చేపలు. ఒక పక్క యెహెజ్కేలు ప్రవక్త ఆ వెలుగుకు బెదిరినట్టు చేతులు పైకెత్తి ఉంటాడు. తుర్కుల కాలంలో చర్చి మసీదు అయినప్పుడు ఆ బొమ్మ గచ్చు కింద ఉండిపోయింది, 1921లో మళ్లీ బయటపడింది. ఉదయం వెళ్తే తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. ఇంకా దిగితే బైజాంటైన్ స్నానశాల వస్తుంది. ఏడు వందల ఏళ్లకు పైబడిన ఈ స్నానశాలలో 1940 దాకా జనం స్నానాలు చేశారు. ఈ దారి ఆయియోస్ దిమిత్రియోస్ పెద్ద చర్చి దగ్గర ముగుస్తుంది. 1917 మంటల్లో అదీ కాలింది, మళ్లీ కట్టి 1949లో తెరిచారు.

తూర్పు దారి కోటగోడ వెంట దిగుతుంది. చెట్ల నీడ ఎక్కువ, జనం తక్కువ. మధ్యలో ఆయియోస్ నికోలాస్ ఓర్ఫానోస్ అనే చిన్న చర్చి, తోట మధ్యలో ఉంటుంది. 14వ శతాబ్దం మొదట్లో వేసిన కుడ్యచిత్రాలు గోడల నిండా ఉన్నాయి. అజంతా చూసి గంటల తరబడి నిలబడే రకం మనుషులైతే మీరు ఈ దారే పట్టండి. ఇంకా కిందకు వస్తే 1881లో ముస్తఫా కెమాల్ అతాతుర్క్ పుట్టిన ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. ఆధునిక టర్కీని కట్టిన మనిషి పుట్టిన ఊరు గ్రీస్‌లో ఉండిపోయింది. దారి చివర రోటుండా అనే పెద్ద గుండ్రటి కట్టడం. క్రీస్తుశకం 4వ శతాబ్దం మొదట్లో రోమన్ చక్రవర్తి గలేరియస్ కాలంలో కట్టినది.

ఈ చర్చిల్లో చాలావరకు 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినవే. ఆ జాబితాలో థెస్సలొనీకీవి మొత్తం 15 కట్టడాలు. అయినా సందుల్లో మీతో పాటు నడిచేది బడి సంచీ వేసుకున్న పిల్లలు, కూరగాయల సంచీలతో ఎక్కుతున్న పెద్దవాళ్లు. నేను ఆనో పోలిని ఇష్టపడటానికి కారణం అదే.

లోటు కూడా చెప్పాలి. ఇళ్లన్నీ ముద్దుగా లేవు, పాడుబడినవి చాలా ఉన్నాయి, కొన్నిచోట్ల గోడల నిండా గ్రాఫిటీ గీతలు. గ్రీస్ అనగానే నీలం తెలుపు బొమ్మ మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. బస పైన పెట్టుకుంటే సూట్‌కేసు మెట్ల మీద లాగాలి, రాత్రి భోజనానికి చోట్లు తక్కువ. అందుకే కింద ఊళ్లో ఉండి, పైకి రెండుసార్లు వెళ్లమంటాను: ఒక ఉదయం దిగడానికి, ఒక సాయంత్రం సూర్యాస్తమయానికి.

చరిత్ర పుస్తకంలోకి అడుగుపెట్టాలంటే రోడ్స్

రోడ్స్ పాత నగరం పై రెండింటి కన్నా చూడగానే కట్టిపడేస్తుంది. చుట్టూ దాదాపు 4 కిలోమీటర్ల కోటగోడ, లోతైన కందకం, గుర్రాలు నడిచిన రాతి వీధులు. 1309 నుంచి 1522 దాకా సెయింట్ జాన్ నైట్లు అనే సన్యాసి సైనికులు ఇక్కడి నుంచి ఏలారు. దాదాపు 200 మీటర్ల నైట్ల వీధిలో ఒక్కో భాష మాట్లాడేవాళ్లకు ఒక్కో సత్రం ఉండేది: ఫ్రాన్స్ వాళ్లది, ఇటలీ వాళ్లది, స్పెయిన్ వాళ్లది, ఇలా. 1522లో సుల్తాన్ సులేమాన్ ఆరు నెలలు ముట్టడించి కోట గెలిచాక నైట్లు ఓడలెక్కి వెళ్లిపోయారు. గ్రీకులను కోట బయటకు పంపేశారు. పగలు లోపల వ్యాపారం చేసుకోవచ్చు, రాత్రికి మాత్రం గోడ అవతలకు పోవాలి.

ఇక్కడ మీకు కనిపించే మధ్యయుగపు శోభలో కొంత 20వ శతాబ్దంలో తిరిగి కట్టినదని తెలిసి వెళ్తే మంచిది. నైట్ల అధిపతి అయిన గ్రాండ్ మాస్టర్ భవనం 1856లో మందుగుండు పేలుడులో కూలింది. 1912 నుంచి దీవిని ఏలిన ఇటలీ 1937-40 మధ్య దాన్ని మళ్లీ లేపింది. లోపలి నేల మీది ప్రాచీన మొజాయిక్‌లు కోస్ దీవి నుంచి తెచ్చి పరిచినవి. అది తెలిస్తే భవనం అందం తగ్గదు, దాన్ని చూసే చూపు మారుతుంది.

ఇటలీ ఏలుబడి వల్ల ఇంకో సంగతి జరిగింది. 1923 జనమార్పిడి ఈ దీవికి వర్తించలేదు. అందుకే ఆనో పోలిలో పోయిన ముస్లిం కుటుంబాలు రోడ్స్‌లో మిగిలాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ యూదుల పేట మిగల్లేదు. 1944 జులైలో నాజీలు 1,600 మందికి పైగా యూదులను ఇక్కడి నుంచి ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించారు. 1577 నాటి కహల్ షాలోమ్ ప్రార్థనా మందిరం మాత్రం నిలిచి ఉంది, గ్రీస్‌లో ఇప్పటికీ వాడుకలో ఉన్నవాటిల్లో అదే పాతది. దుకాణాల సందడి దాటి ఆ వైపు వెళ్లేవాళ్లు తక్కువ. మీరు వెళ్లండి.

రోడ్స్‌లో తిరగడం కష్టం కాదు, నేల చాలావరకు చదును. గులకరాళ్లు పరిచిన దారుల్లో అరికాళ్లు నొప్పెడతాయి, మందపాటి సోల్ ఉన్న బూట్లు వేసుకోవాలి. కందకంలో నడవడానికి టికెట్ అక్కర్లేదు, ఎండాకాలం సాయంత్రం అక్కడి నడక హాయిగా ఉంటుంది. క్రూయిజ్ ఓడలు ఆగిన రోజు పగటిపూట దుకాణాలుండే సోక్రటూస్ వీధిలో అడుగు తీసి అడుగు వేయలేం. అందుకే రోడ్స్‌కు పొద్దున వచ్చి సాయంత్రం పోయే పద్ధతి వద్దు. కనీసం రెండు రాత్రులు గోడల లోపలే ఉండండి. ఓడలు వెళ్లిపోయాక రాత్రి తొమ్మిదింటికి నైట్ల వీధిలో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా చాలా దుకాణాలు, హోటళ్లు మూసేస్తారు, ఆ నెలల్లో మాత్రం వద్దు.

తిండి సంగతి

మనవాళ్లలో సగం మంది టెన్షన్ ఇదే కాబట్టి వివరంగా చెబుతాను. శాకాహారులకు గ్రీస్ అనుకున్నంత కష్టం కాదు. ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఏడాదిలో చాలా ఉపవాస దినాలున్నాయి, ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. ఆ వంటను నిస్తీసిమో అంటారు. హోటల్లో ఈ మాట చెబితే అర్థమవుతుంది. కానీ ఒక మెలిక ఉంది: వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ తినొచ్చు. కాబట్టి నిస్తీసిమో అన్నంత మాత్రాన మన శాకాహారం అనుకోకండి, లోపల ఏముందో అడగండి. 'హోరిస్ క్రేయాస్' అంటే మాంసం లేకుండా అని.

ఫావా అని అడగండి. పసుపుపచ్చ పప్పును మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. ముద్దపప్పు తిన్నంత తృప్తిగా ఉంటుంది. గిగాంతెస్ అంటే టమాటాలో వండిన పెద్ద చిక్కుడు గింజలు, బ్రియామ్ అంటే వంకాయ, బంగాళాదుంప, గుమ్మడి జాతి కాయలు కలిపి ఓవెన్‌లో వండిన కూర. గెమిస్తా అనే కూరిన టమాటాల్లో కొన్నిచోట్ల కైమా కలుపుతారు, అడిగి తీసుకోండి. పెరుగు గురించి చెప్పక్కర్లేదు, గడ్డగా, కమ్మగా ఉంటుంది.

ఈ విషయంలో మూడు ఊళ్లలో థెస్సలొనీకీ ముందుంటుంది. నువ్వులద్దిన కులూరి అనే రొట్టె చుట్టలు వీధి మూలల్లో దొరుకుతాయి, పొద్దున టిఫిన్‌కు అవి చాలు. బుగాత్సా అనే పొరల పేస్ట్రీ క్రీముతో కానీ చీజ్‌తో కానీ తినొచ్చు, క్రీములో గుడ్డు ఉండొచ్చు. గ్రీకులంతా తాగే నురగ కాఫీ ఫ్రాపే 1957లో ఈ ఊరి అంతర్జాతీయ ప్రదర్శనలోనే పుట్టింది. ప్లాకాలో దారి మీద పిలిచే హోటళ్లు కాకుండా, మొనాస్టిరాకి దాటి ప్సిరి అనే పక్క పేట వైపు నడిస్తే తిండి బాగుంటుంది. రోడ్స్ కోట లోపల పర్యాటకుల ధరలు ఉంటాయి, ముందే మెనూ చూసి కూర్చోండి.

వేళల విషయం: మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకు, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా పాత పేటల్లో జనం నిద్రపోతారు. ఆ వేళ వీధుల్లో గట్టిగా మాట్లాడటం, తలుపుల దగ్గర వీడియోలు తీయడం బాగుండదు. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గుడికి వెళ్లేటప్పుడు పాటించేదే.

మరి మీరు ఎటు?

అమ్మానాన్నలతో, ఇద్దరిలో ఒకరికి మోకాళ్ల నొప్పులున్నాయంటే రోడ్స్. చదును నేల, మధ్యమధ్య కూర్చోవడానికి చోట్లు, సాయంత్రం సముద్రపు గాలి. ఏథెన్స్ నుంచి విమానంలో గంట ప్రయాణం. పిరెయస్ రేవు నుంచి ఓడ కూడా ఉంది కానీ రాత్రంతా, ఆపైన కూడా పడుతుంది. పెద్దవాళ్లతో ఓడ వద్దు.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా ఏథెన్స్ దిగి, రెండు రోజుల తర్వాత శాంటోరినికో ఇంకెక్కడికో వెళ్లే ప్లాన్ ఉంటే ప్లాకానే. దానికోసం వేరే ప్రయాణం అక్కర్లేదు. ఆక్రోపోలిస్ టికెట్‌కు ఇప్పుడు వేళ ముందే ఎంచుకోవాలి, 2025 ఏప్రిల్ నుంచి ధర 30 యూరోలు. ఉదయం మొదటి వేళ తీసుకుని, దిగి నేరుగా అనాఫియోటికాలోకి వెళ్లండి. వడగాలులు వీచే రోజుల్లో మధ్యాహ్నం ఆక్రోపోలిస్‌ను మూసేస్తున్నారు, అందుకని జులై, ఆగస్టుల్లో ఉదయం తప్ప వేరే వేళ నమ్ముకోవద్దు.

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తూ శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేయాలి అనుకునే మన కుర్రాళ్లకు థెస్సలొనీకీ. జర్మనీ నగరాల నుంచి నేరుగా విమానాలున్నాయి, ఊరు నడిచి తిరిగేంతది, ఏథెన్స్ కన్నా బస చవక. ఏథెన్స్ నుంచి వెళ్లేవాళ్లకు మాత్రం దాదాపు 500 కిలోమీటర్లు, రైల్లో అయినా బస్సులో అయినా సగం రోజు పోతుంది. వారం ప్రయాణంలో ఏథెన్స్, థెస్సలొనీకీ రెండే పెట్టుకోండి, దీవులు ఇంకోసారి. నాలుగు దీవులు, రెండు నగరాలు అని పరుగు పెట్టి వచ్చినవాళ్లకు రేవులు, విమానాశ్రయాలు తప్ప ఇంకేమీ గుర్తుండటం నేను చూడలేదు.

ఫొటోల కోసమే అయితే, కొత్తగా పెళ్లయినవాళ్లయితే, ఈ మూడూ కాకుండా క్రీట్ దీవిలోని హనియా పాత రేవు చూడండి. నీళ్ల ఒడ్డున వెనిస్ కాలపు ఇళ్లు, చివర దీపస్తంభం. అక్కడ కూడా రేవు వదిలి స్ప్లాంట్జియా పేటలోకి వెళ్తే ఒకే చర్చికి గంటల గోపురం, మినార్ రెండూ కనిపిస్తాయి.

ఏప్రిల్, మే కానీ, సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ కానీ పెట్టుకోండి. థెస్సలొనీకీకి అక్టోబర్ నెలాఖరు ఇంకా బాగుంటుంది: 26న ఊరి రక్షకుడిగా కొలిచే సెయింట్ దిమిత్రియోస్ పండగ, 1912లో ఊరు గ్రీస్‌లో కలిసిన రోజు కూడా అదే. ఆ వారం సాయంత్రం అయిదింటికల్లా త్రిగోనియో బురుజు దగ్గరకు చేరండి, పలచటి స్వెట్టర్ వెంట ఉంచుకోండి. చీకటి పడ్డాక అదే 23 నంబర్ బస్సు ఎక్కి కిందికి వచ్చేయండి, రాత్రిపూట ఆ మెట్లు నడిచి దిగొద్దు. పొద్దున చేసిన నడకే చాలు.